మీ ప్రశ్న, నా జవాబు: ఎంచబోతే మంచమంతా కంతలే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ చుట్టూ తిరుగుతున్నాయి. ఏది తీసుకోవాలి, ఏది వదలాలి, తీసుకున్నాక అదే మంచిదా కాదా. మిక్సీ కొనడం దగ్గర్నుంచి పెళ్ళి సంబంధం దాకా అదే గోల. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఇవి మాత్రం ఒకచోట పెట్టాను.

ప్రశ్న: నాకు 33 ఏళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా పాత మిక్సీ కాలిపోయి మూడు వారాలైంది, ఇంకా కొత్తది కొనలేదు. రోజూ రాత్రి పాపను పడుకోబెట్టాక ఫోన్లో చూస్తూనే ఉన్నాను. ఒకటి 750 వాట్లు, ఇంకోటి 1000. దేనికైనా నాలుగు స్టార్లు పైనే ఉంటాయి, కిందికి వెళితే ‘వారంలో కాలిపోయింది’ అని ఎవరో రాసి ఉంటారు. కార్ట్‌లో ఆరు పెట్టుకున్నాను. మా ఆయన ‘ఏదో ఒకటి కొనెయ్’ అంటే ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే రేపు అది పాడైతే నన్నే అంటారు. రాత్రి బయటి తిండి ఆర్డర్ పెడదామన్నా ఇదే వరస, ముప్పావు గంట చూసి చూసి చివరికి పెరుగన్నం తిని పడుకుంటాం. లోపం నాలో ఉందా, లేక నిజంగానే ఈ కాలం మనకు అక్కర్లేనన్ని ఇస్తోందా?
— ఒక పాఠకురాలు, బెల్లందూరు

జవాబు: లోపం మీలో లేదమ్మా. మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ‘రేపు అది పాడైతే నన్నే అంటారు’ అన్నారు చూడండి, అసలు సంగతంతా అక్కడే ఉంది. ఊళ్ళో ఒకే కొట్టు, ఆ కొట్లో రెండే రెండు మిక్సీలు ఉన్న రోజుల్లో అది కాలిపోతే కంపెనీని తిట్టుకునేవాళ్ళం, కొట్టు ఆయన్ని తిట్టుకునేవాళ్ళం, కరెంటు హెచ్చుతగ్గుల్ని తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు రెండొందల్లోంచి ఏరుకున్నది మీరు, కాబట్టి తప్పూ మీదే అయిపోతుంది. సరుకుతోపాటు నిందను కూడా కొనేవాళ్ళ చేతిలోనే పెట్టారు. మూడు వారాలుగా మీరు మిక్సీని వెతకడం లేదు, నింద పడని దారిని వెతుకుతున్నారు, అలాంటిది ఏ సైట్లోనూ దొరకదు.

ఇక ‘ఈ కాలం ఎక్కువ ఇస్తోందా’ అన్న ప్రశ్న. దీని మీద అందరూ చెప్పే ప్రయోగం ఒకటుంది. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2000లో ప్రచురించారు. కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ అనే ఊళ్ళో ఒక పెద్ద సరుకుల దుకాణంలో జామ్ సీసాలు పెట్టి రుచి చూడమన్నారు, కొన్ని గంటలు 24 రకాలు, కొన్ని గంటలు 6 రకాలు. 24 పెట్టినప్పుడు అటుగా వెళ్ళినవాళ్ళలో నూటికి 60 మంది ఆగారు, 6 పెట్టినప్పుడు 40 మందే. కొనడం దగ్గరికి వచ్చేసరికి తిరగబడింది. 6 రకాల దగ్గర ఆగినవాళ్ళలో నూటికి 30 మంది కొన్నారు, 24 దగ్గర ఆగినవాళ్ళలో నూటికి ముగ్గురే కొన్నారు. చూడటానికి ఎక్కువ కావాలి, కొనడానికి తక్కువ కావాలి అని దీన్ని చాలామంది ఎత్తి చూపిస్తారు.

కానీ అక్కడితో ఆపేస్తే మీకు సగమే చెప్పినట్టవుతుంది. 2010లో ఇలాంటి ప్రయోగాలు 50 దాకా ఒకచోట చేర్చి లెక్కగడితే, సగటున తేడా దాదాపు సున్నా అని తేలింది. కొన్నిచోట్ల రకాలు పెరిగితే జనం ఇబ్బంది పడ్డారు, కొన్నిచోట్ల ఇంకా ఉత్సాహంగా కొన్నారు. మరి ఎప్పుడు ఇబ్బంది పడతాం అన్నది 2015లో ఇంకో బృందం వెతికింది. మనకేం కావాలో మనకే తేలనప్పుడు, ఒకదాన్ని ఇంకోదానితో పోల్చడం కష్టమైనప్పుడు, తొందరగా తేల్చేయాల్సి వచ్చినప్పుడు. అంటే అంకె ఒక్కటే కాదు విషయం.

ఇది నాకు బాగా నమ్మకంగా అనిపిస్తుంది, ఎందుకంటే మా అత్తగారిని చూస్తున్నాను కదా. బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌కు వెళితే వంకాయలే పది పన్నెండు గుట్టలుంటాయి. తెల్లవి, పచ్చ చారలవి, పొడుగువి, నల్లటి గుండ్రటివి. ఆవిడ ఒక్క క్షణం కూడా తటపటాయించరు. గుత్తి వంకాయ చేయాలనుకుని బయల్దేరారు, లేత ఊదా రంగు చిన్న కాయల గుట్ట ముందు కూర్చుని తొడిమ పట్టుకుని ఒక్కొక్కటీ తిప్పి చూసి పావుగంటలో కిలో ఏరుకుని లేస్తారు. మిగతా గుట్టలు ఆవిడ కంటికి ఆనవు. అదే మనిషిని సెల్‌ఫోన్ దుకాణంలో నిలబెడితే పది నిమిషాల్లో తలనొప్పి అంటారు. మార్కెట్‌లో రకాలు తక్కువా? కాదు, వంకాయ సంగతి ఆవిడకు తెలుసు.

తెలియని వస్తువు దగ్గర మనకు కావలసింది ఇంకో వంద రివ్యూలు కాదు, తెలిసిన మనిషి. పోయిన ఏడాది మా మిక్సీ పోయినప్పుడు నేను కూడా మీలాగే నాలుగు రోజులు ఫోన్లో చూసి విసుగొచ్చి మల్లేశ్వరంలో ఒక పాత సామాన్ల కొట్టుకు వెళ్ళాను. ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి, సగం తెలుగు సగం కన్నడంలో మాట్లాడతారు. ‘ఇంట్లో ఎంతమందమ్మా?’ అన్నారు. నలుగురం అన్నాను. ‘ఇడ్లీ పిండి ఇందులోనే రుబ్బుతారా, గ్రైండర్ ఉందా?’ గ్రైండర్ ఉంది. ‘కారం, పసుపు ఇంట్లోనే ఆడతారా?’ లేదు, మిల్లుకే ఇస్తాం. ఇక అడగలేదు, రెండే రెండు మిక్సీలు కౌంటర్ మీద పెట్టారు. ఒకదాని జార్ తలకిందులుగా తిప్పి కింద ఉన్న నల్లటి రబ్బరు పళ్ళ చక్రం చూపించి, ‘మొదట అరిగేది ఇదే, ఈ కంపెనీది ప్రతి వీధిలో దొరుకుతుంది, దానిది దొరకదు’ అన్నారు. ఇంటికి వచ్చేసరికి గంట కూడా కాలేదు. ఫోన్లో ఉన్న రెండొందలూ ఆయన కొట్లో లేవు నిజమే, కానీ ఆయన అడిగిన ఆ మూడు ప్రశ్నలు ఫోన్ నన్ను ఎప్పుడూ అడగలేదు. 1000 వాట్లు కావాలా అని అడిగింది. నాకేం తెలుసు?

కాబట్టి ఇలా చేయండి. ఫోన్ తీయకముందే ఒక కాగితం మీద మీ వంటింటికి ఏం కావాలో మూడు ముక్కలు రాసుకోండి. ఎంత డబ్బు, ఏ పనికి, రిపేరు ఎక్కడ. ఆ మూడింటికీ సరిపోయిన మొదటిది కొనేయండి, అన్నిట్లోకీ మంచిది ఏదా అని చూడకండి. 1978లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ 1950లలోనే ఈ మాట చెప్పాడు, అన్నీ తూచి అన్నిట్లోకీ గొప్పది తేల్చేంత టైమూ తెలివీ ఏ మనిషికీ ఉండదని, మన అవసరానికి సరిపోయేది దొరకగానే ఆగడమే తెలివైన పని అని. కొన్నాక ఆ కార్ట్‌లో మిగిలిన ఐదూ తీసేయండి. ధర తగ్గిందేమో అని వారం తర్వాత మళ్ళీ చూశారంటే కొన్నది కూడా కొననట్టే అయిపోతుంది. ఎంచబోతే మంచమంతా కంతలే అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, కంతలు లేని నులక మంచం లేదు, అయినా దాని మీదే హాయిగా పడుకున్నారు.

ఇంకొకటి, ఇది మీవారికి చదివి వినిపించండి. బాబూ, ‘ఏదో ఒకటి కొనెయ్’ అనడం సాయం చేసినట్టు కాదు. పక్కన కూర్చుని రెండింట్లో ఒకటి మీరు కూడా వేలు పెట్టి చూపించండి. రేపు పాడైతే అది ఇద్దరూ కలిసి కొన్న మిక్సీ.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి, వయసు 71. సొంత ఊరు కదిరి. మూడేళ్ళుగా కొడుకు దగ్గర వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. మా రోజుల్లో ఒకే దూరదర్శన్, వీధికో స్కూటర్, పండక్కి ఒక జత బట్టలు. ఎవరికీ ఈ టెన్షన్లు లేవు. ఇప్పుడు మా మనవడు సబ్బు కూడా పది రకాలు చూసి గానీ తీసుకోడు. తక్కువ ఉన్నప్పుడే మనిషి సుఖంగా ఉన్నాడని నా అభిప్రాయం. మీరేమంటారు?

జవాబు: మాష్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, నేను ఒప్పుకోను. ఆ వీధికో స్కూటర్ కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళు మీకూ తెలుసు, బజాజ్ చేతక్ బుక్ చేస్తే పిల్లవాడు బడికి వెళ్ళే వయసొచ్చేది. టెలిఫోనూ అంతే, గ్యాస్ కనెక్షనూ అంతే. 1983 చివర్లో మారుతి 800 రోడ్డెక్కేదాకా మామూలు మనిషి కొనగలిగిన కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత కదా తలుపులు తెరుచుకున్నాయి. అప్పుడు టెన్షన్ లేదని కాదు, ఆ టెన్షన్‌కు క్యూలో నిలబడడం అని పేరు.

అది వస్తువుల సంగతి. నాకు అంతకంటే ఎక్కువ బాధ కలిగించేది వేరే ఉంది. మా పిన్ని హిందూపురంలో పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైంది. లెక్కల్లో ఆవిడకు వచ్చిన మార్కులు ఆ ఏడు మగపిల్లలకు కూడా రాలేదట. ఇంట్లో ఆవిడ ముందు పెట్టినవి రెండు, పెళ్ళయ్యేదాకా ఇంట్లో ఉండడం, లేదా కుట్టుమిషన్ నేర్చుకోవడం. కుట్టుమిషన్ నేర్చుకుంది. ఇప్పటికీ జాకెట్టు కొలతలు కాగితం మీద రాసుకోదు, పదిమందివీ మనసులోనే ఉంటాయి, ఆ అంకెలు చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో వెలుగు చూస్తే నాకు గొంతు పట్టేస్తుంది. ఆవిడ కూతురు బెంగళూరులో ఆడిటర్. ఆ పిల్ల ఏ ఉద్యోగంలో చేరాలో తేల్చుకోలేక నెల రోజులు నిద్రపోకపోతే మా పిన్ని ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తక్కువ ఉన్నప్పుడు సుఖంగా ఉన్నది ఎవరో కూడా చూడాలి మాష్టారూ. మీకూ మీ నాన్నగారికీ తక్కువ ఉండడం వేరు, మీ చెల్లెలికి తక్కువ ఉండడం వేరు.

ఇప్పుడు కూడా అందరికీ ఎక్కువ ఉన్నాయని అనుకోకండి. మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పన్నెండు గంటల డ్యూటీ చేసే కుర్రాణ్ణి అడగండి, పీణ్యాలో బట్టల ఫ్యాక్టరీకి తెల్లారకముందే బస్సెక్కే ఆడవాళ్ళను అడగండి. సబ్బులు పది రకాలు వాళ్ళ వీధి కొట్లోనూ వేలాడుతుంటాయి. కానీ ఏ ఇంట్లో ఉండాలి, ఏ బడికి పిల్లను పంపాలి, ఒంట్లో బాగోకపోతే సెలవు పెట్టాలా వద్దా అన్న దగ్గర వాళ్ళకు ఒకటే దారి. మనకు సబ్బుల దగ్గర ఎక్కువయ్యాయి, ముఖ్యమైనచోట చాలామందికి ఇంకా రాలేదు.

ఒక్కటి మాత్రం మీరన్నది నిజం. శుక్రవారం సాయంత్రం టీవీలో పాటలొస్తే వీధంతా ఒకే ఇంట్లో చాపల మీద కూర్చునేది. ఇప్పుడు ఒకే సోఫాలో నలుగురు నాలుగు ఫోన్లు చూస్తున్నారు. అది పోగొట్టుకున్నాం. వారానికి ఒక రాత్రి మీరే రిమోట్ పట్టుకుని ‘ఈ రోజు ఇదే చూస్తున్నాం’ అనండి, మనవడు మొదట గొణుగుతాడు, తర్వాత వచ్చి కూర్చుంటాడు.

ప్రశ్న: మా అబ్బాయి కె.సి.ఇ.టి. (కర్ణాటక ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) రాశాడు. ఆప్షన్లు పెట్టుకునే లిస్టు 140 దాటింది. కంప్యూటర్ సైన్స్ ఒకటే అనుకున్నాం, అందులో ఎ.ఐ. అట, డేటా సైన్స్ అట, సైబర్ సెక్యూరిటీ అట. రోజూ రాత్రి ఆర్డర్ మారుస్తాడు, పొద్దున్నే ఏడుపు మొహం. ఏం చెప్పమంటారు?
— ఒక తల్లి, కె.ఆర్. పురం

జవాబు: ముందు లిస్టు ఎలా పనిచేస్తుందో మీ ఇద్దరికీ అర్థం కావాలి, సగం భయం అది తెలియకే. ర్యాంకు వరసలో మీ అబ్బాయి వంతు వచ్చినప్పుడు లిస్టును పైనుంచి కిందికి చూస్తారు, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇస్తారు. అంతే. కాబట్టి ‘మన ర్యాంకుకు అది రాదేమో, పైన పెడితే నష్టమేమో’ అని భయపడక్కర్లేదు. రాని కాలేజీని మొదట పెట్టినా కిందివాటికి ఏమీ కాదు. ఇష్టం ఉన్న వరసలో రాస్తే చాలు, ఊహించి అటూ ఇటూ మార్చే కొద్దీ చిక్కు. సీటు వచ్చాక నాలుగు ఛాయిస్‌లు ఉంటాయి. ఛాయిస్ 1 అంటే తీసుకుని చేరిపోవడం, 2 అంటే ఉంచుకుని పైవాటి కోసం తర్వాతి రౌండ్‌లో ఉండడం, 3 అంటే వద్దని తర్వాతి రౌండ్‌కు వెళ్ళడం, 4 అంటే బయటకు రావడం. 3 దగ్గర మాత్రం జాగ్రత్త, అక్కడ చేతిలో ఉన్నది పోతుంది.

బ్రాంచ్ పేర్ల సంగతి. ఎ.ఐ. అన్నా డేటా సైన్స్ అన్నా మొదట్లో చదివేవి చాలావరకు అవే. ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్. తేడా తర్వాతి సబ్జెక్టుల్లో వస్తుంది. బోర్డు మీద పేరు మారినంతగా లోపల చదువు మారదు. ఒకే కాలేజీలో ఈ నాలుగు పేర్ల మధ్య మీవాడు నిద్ర మానుకోవడం నాకు నిజంగా బాధగా ఉంది. దానికంటే లిస్టులో మొదటి పది కాలేజీలకు వాణ్ణి బస్సులో వెళ్ళి రమ్మనండి, మామూలు పనిరోజున, పొద్దున ఎనిమిదికి. కె.ఆర్. పురం నుంచి కాలేజీకి వెళ్ళి రావడానికే మూడున్నర గంటలు పడితే నాలుగేళ్ళు ఆ మూడున్నర గంటలు పోయినట్టే. క్యాంటీన్లో కూర్చుని సెకండియర్ పిల్లలను అడగమనండి, ల్యాబ్‌లో కంప్యూటర్లు పనిచేస్తాయా, సార్లు క్లాసుకు వస్తారా అని. తిరిగొచ్చాక లిస్టు దానంతటదే సర్దుకుంటుంది. ఒక తేదీ పెట్టుకోండి, ఆ రాత్రి సేవ్ చేశాక పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచండి.

ప్రశ్న: వయసు 27, కోరమంగళలో ఉద్యోగం. మ్యూచువల్ ఫండ్‌లో సిప్ (నెలనెలా కొంత పెట్టడం) మొదలుపెట్టాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. ఏ ఫండ్ మంచిదో తేల్చుకోలేక డబ్బంతా సేవింగ్స్ ఖాతాలోనే ఉంది.

జవాబు: ఏ ఫండ్ అని చెప్పే అర్హత నాకు లేదు బాబూ. నువ్వొక్కడివే కాదన్నది మాత్రం చెప్పగలను. అమెరికాలో దాదాపు 8 లక్షల మంది ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు లెక్కలు చూసి 2004లో ప్రచురించారు. కంపెనీ చూపించే ఫండ్లు పది పెరిగిన ప్రతిసారీ అసలు చేరేవాళ్ళు నూటికి ఒకటిన్నర నుంచి రెండు దాకా తగ్గారు. మన దగ్గర కూడా ఈ గందరగోళం చూసే 2017లో షేర్ మార్కెట్లనూ ఫండ్లనూ చూసే ప్రభుత్వ సంస్థ సెబీ, ఎప్పుడైనా కొని అమ్ముకోగలిగే (ఓపెన్ ఎండ్) ఫండ్ పథకాలను 36 రకాలుగా విడగొట్టి, ఎక్కువ రకాల్లో ఒక్కో కంపెనీకి ఒక్కో పథకమే ఉండాలంది. ఎన్.పి.ఎస్. అనే పింఛను పథకంలో ‘ఆటో ఛాయిస్’ అని ఉంటుంది, నువ్వేమీ ఎంచుకోకపోయినా వయసు పెరిగే కొద్దీ షేర్ల వాటా దానంతటదే తగ్గుతూ వస్తుంది. తేల్చుకోలేనివాళ్ళ కోసమే దాన్ని పెట్టారు, వాడుకోవడంలో సిగ్గు లేదు. సెబీలో రిజిస్టరైన సలహాదారు ఒకరికి ఫీజు కట్టి ఒక గంట కూర్చో. ఈ శనివారమే వెళ్ళు, మూడేళ్ళు పోయాయి.

ప్రశ్న: నాకు 30. మాది నరసరావుపేట, ఆరేళ్ళుగా మారతహళ్ళిలో పీజీలో, ఇప్పుడు ఫ్లాట్‌లో ఉంటున్నాను. రెండు మ్యాట్రిమొనీ సైట్లలో ప్రొఫైల్ ఉంది. నాలుగేళ్ళలో ఎన్ని చూశానో లెక్క లేదు. బాగానే ఉందనుకున్న సంబంధం కూడా, రేపు ఇంతకంటే మంచిది వస్తుందేమో అని పక్కన పెట్టేశాను. అమ్మ మూడో సంబంధానికే పెళ్ళి చేసుకుంది. ‘నీకు ఎక్కువై ఎగిరిపడుతున్నావు’ అంటుంది. నాకు నిజంగానే పొగరా?

జవాబు: పొగరు కాదు తల్లీ. మీ అమ్మగారికి మూడు సంబంధాలు వచ్చాయి, ఆ మూడింటినీ వేరేవాళ్ళు ముందే వడబోసి తెచ్చారు. పెళ్ళిళ్ళ పేరయ్యో, మేనమామో, ఊళ్ళో తెలిసినవాళ్ళో వాళ్ళ ఇంటికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి చెప్పేవాళ్ళు. ఆ పనంతా ఇప్పుడు నువ్వు ఒక్కదానివే, ఆఫీసు నుంచి వచ్చాక, చీకట్లో ఫోన్ వెలుగులో చేస్తున్నావు. అలసిపోవూ?

హార్వర్డ్‌లో చేసిన ఒక చిన్న ప్రయోగం ఉంది, 2002లో ప్రచురించారు. ఫొటోగ్రఫీ నేర్చుకున్న విద్యార్థులకు వాళ్ళు తీసిన ఫొటోల్లో నచ్చినవి రెండు పెద్దగా ప్రింట్ వేయించి, ఒకటి ఉంచుకోమన్నారు. కొందరికి ఇదే ఆఖరు, ఇక మార్చుకోవడం కుదరదన్నారు. ఇంకొందరికి కొన్ని రోజుల్లో కావాలంటే మార్చుకోవచ్చన్నారు. తర్వాత అడిగితే, మార్చుకోవడానికి వీల్లేనివాళ్ళే తమ ఫొటోను ఎక్కువ ఇష్టపడ్డారు. మార్చుకునే వీలున్నవాళ్ళు అదేనా ఇదేనా అని చూస్తూనే ఉండిపోయారు. విచిత్రం ఏమిటంటే ముందుగా అడిగితే ఎక్కువమంది మార్చుకునే వీలే కావాలన్నారు.

దీన్నిబట్టి ఎవరో ఒకరిని కళ్ళు మూసుకుని చేసుకోమని నేను చెప్పడం లేదు, చచ్చినా చెప్పను. మనిషి ఫొటో కాదు. భయమేసిన సంబంధం నుంచి, గౌరవం లేని ఇంటి నుంచి బయటకు వచ్చే తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలి. నేను చెప్పేది పెళ్ళికి ముందు సంగతి. ఒకరితో మాట్లాడుతూ ఇంకో పదిమంది ప్రొఫైళ్ళు తిప్పుతుంటే ఎదురుగా ఉన్న మనిషిలో నీకు కనిపించేవి కంతలే. ఎత్తు, జీతం, సొంతిల్లు, ఇవే సైట్‌లో వడబోయగలిగేవి. కోపం వస్తే ఎలా మాట్లాడతాడో, నీ ప్రమోషన్ గురించి చెప్పినప్పుడు మొహం ఎలా పెడతాడో, వాళ్ళమ్మ నాన్నల్ని నీ అమ్మ నాన్నల్ని ఒకే కళ్ళతో చూస్తాడో లేదో సైట్‌కు తెలియదు. అది కలిస్తేనే తెలుస్తుంది, ఒక్కసారి కలిస్తే కూడా తెలియదు.

అందుకని ఇలా చేసి చూడు. నీకు రాజీ పడలేనివి ఏవో రాసుకో, నాలుగు దాటనివ్వకు. కట్నం మాట అందులో మొదటిది కావాలి. 1961 నుంచి అది చట్టప్రకారం నేరం, ఎంత మర్యాదగా ‘మీ అమ్మాయికే కదా’ అని అడిగినా అక్కడితో ఆపేయ్. తర్వాత ఒక్కరితో మాట్లాడుతున్నన్ని రోజులు రెండు సైట్లలోనూ ప్రొఫైల్ దాచిపెట్టు. కనీసం మూడుసార్లు కలువు, ఒకసారి లాల్‌బాగ్‌లో నడుస్తూ, ఒకసారి స్నేహితులతో, ఒకసారి ట్రాఫిక్‌లో ఇరుక్కునే రోజు సాయంత్రం. అప్పుడు అవునో కాదో నీకే తెలుస్తుంది. కాదంటే కాదనే చెప్పు. ‘ఇంతకంటే మంచిది వస్తుందేమో’ అన్న కారణంతో మాత్రం చెప్పకు. ‘ఈ మనిషిలో ఇది నాకు సరిపడదు’ అని నోటితో చెప్పగలిగితే అప్పుడు చెప్పు.

అసలు పెళ్ళే వద్దనిపిస్తుంటే అది కూడా మీ అమ్మగారికి కూర్చుని చెప్పు. అదీ ఒక జవాబే. ఆవిడకు ఆ మాట అనే వీలు లేకపోయింది, నీకుంది.

ప్రశ్న: ఆంటీ, నేను ఎనిమిదో తరగతి, వైట్‌ఫీల్డ్. మా స్కూల్లో కన్నడ ఉంది, ఇంకో భాష ఫ్రెంచ్ తీసుకోవాలా హిందీయా సంస్కృతమా అని ఫారం ఇచ్చారు. తెలుగు లేదు. నాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఈ ఉత్తరం నేను చెబితే అమ్మమ్మ రాసింది. ఏది సెలెక్ట్ చేయాలి?

జవాబు: బంగారూ, ఫారంలో ఏది నచ్చితే అది పెట్టు, పాట నచ్చి పెట్టినా సరే, ఫ్రెండ్ ఉందని పెట్టినా సరే. అందులో ఏదీ తప్పు కాదు. ఫారంలో లేని తెలుగును మాత్రం వదలకు. నీకు కన్నడ అక్షరాలు వచ్చు కదా, అయితే సగం తెలుగు వచ్చినట్టే. ఈ రెండు లిపులూ ఒకే తల్లి పిల్లలు, కొన్ని వందల ఏళ్ళ కిందట వీటిని విడివిడిగా చూడలేకపోయేవాళ్ళు. కన్నడలో అక్షరం నెత్తిన అడ్డంగా ఉండే గీత తెలుగులో పైకి లేచిన చిన్న టిక్కులా ఉంటుంది, దాన్నే తలకట్టు అంటారు. గ, ర, న, ల, ఇలాంటివి చూడగానే గుర్తుపడతావు. క, త, శ దగ్గర కాస్త తికమక పడతావు.

ఈ జవాబు అమ్మమ్మను చదవనివ్వకు. నువ్వే వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అమ్మమ్మకు చదివి వినిపించు. ఎక్కడ ఆగిపోయావో రాసి పంపు, ఈసారి నీ చేత్తో.